తాడు లోపలి చోటు

పోయిన వారం సాహిరాను ఐసు ఫ్యాక్టరీ గేటు ముందు, చేతిలో తాళంతో నిలబెట్టి వదిలేసి వచ్చాం. ఈ వారంలో పాఠకుల్లో కొందరు ఆమె చేత గేటు తీయించి ఉంటారు, కొందరు గట్టిగా వేయించి ఉంటారు. ఆమె ఆ రెండూ చేయలేదు. తాళం చెవి చీర కొంగున ముడేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో గంగమ్మ గుడి వైపు నడిచింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. మొగలిపాలెం బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. ఆ ఊళ్ళో పెంచలకృష్ణ అనే మనిషి వెలిలో ఉన్నాడు. అతను చేసిన తప్పు చిన్నదేమీ కాదు. దక్షిణం నుంచి వచ్చే పెద్ద బోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి, సన్నకన్ను వలలతో చేపపిల్లలతో సహా ఊడ్చుకుపోతుంటాయి. ఆ బోట్లకు ఊరివాళ్ళెవరూ మంచినీళ్ళు గాని, డీజిలు గాని, ఐసు గాని అందించకూడదని మొగలిపాలెం పెద్దలు ఏనాడో కట్టు కట్టారు. అలాంటి కట్టును అక్కడ దురాయి అంటారు. వేసవి వేట నిషేధం మొదలుకాక ముందు, ఒక తెల్లవారుజామున పెంచలకృష్ణ తన పడవ నిండా ఐసు దిమ్మలు వేసుకుని పెద్ద బోటు పక్కన ఆపి ఉండగా ఊరివాళ్ళు పట్టుకున్నారు. అతని ఇంజను అప్పటికే మూలుగుతోంది. ఐసు చేరిస్తే పాత ఇంజను ఒకటి ఇస్తామని పెద్ద బోటువాళ్ళు ఆశ పెట్టారు. తప్పు చేసినానని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఐసు ఎవరిదని అడిగితే మాత్రం నోరు విప్పలేదు. ఆ పేరు చెప్పేదాకా నీకు వెలి అన్నారు పెద్దలు.

ఊళ్ళో ఉన్న ఐసు ఫ్యాక్టరీ ఒక్కటే, అది సాహిరాది. అయినా ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ రోజుల్లో ఆమె తల్లి బీజాన్‌కు కంటి ఆపరేషను చేయిస్తూ నెల్లూరులో ఉంది. కంప్రెసరు చెడిపోయిందని ఆమె తమ్ముడు తౌసిఫ్ ఫ్యాక్టరీ మూసేశాడు. ఊరి పడవలన్నీ కావలి నుంచే ఐసు తెచ్చుకున్నాయి. పెంచలకృష్ణ ఐసు కూడా కావలిదే అయి ఉంటుందని ఊరంతా అనుకుంది. సాహిరా కూడా అలాగే అనుకుంది.

వెలి అంటే ఊళ్ళోంచి తరిమెయ్యడం అనుకునేరు. అదే అయితే నయం, ఇంకో ఊరు చూసుకోవచ్చు. మొగలిపాలెంలో వెలిపడిన మనిషి తన ఇంట్లోనే ఉంటాడు, తన వీధిలోనే తిరుగుతాడు. వాళ్ళ ఆడమనిషి కొళాయి దగ్గరికొస్తే మిగతా బిందెలు పక్కకు జరుగుతాయి. కొట్లో ఉప్పు అడిగితే కొట్టాయన వెనక్కి తిరిగి పెట్టెలు సర్దుకుంటాడు. పడవను నీళ్ళలోకి తొయ్యాలంటే పక్కవాళ్ళ చేతులు కావాలి, అవి రావు. అన్నిటికంటే పెద్ద శిక్ష ఇంకొకటుంది. వెలిలో ఉన్నవాళ్ళు ఏం మాట్లాడినా, ఊరి కట్టుకు ఒట్టేసినవాళ్ళెవరికీ వినపడలేదనే లెక్క. వినపడినట్టు ఎవరైనా బదులిచ్చారో, వాళ్ళకీ ఆ రోజు నుంచి వెలే.

ఎంత కట్టు కట్టినా నోరున్న మనుషులు ఊరుకుంటారా? ఆడవాళ్ళు దీనికో కిటుకు కనిపెట్టారు. పెంచలకృష్ణ భార్య చెంచులక్ష్మికి ఏదైనా చెప్పాలంటే వాళ్ళ మేకకు చెబుతారు. "ఒసే మేకా, రేపు రేషను బండి వస్తదంట, సంచి తీసి పెట్టుకోమే" అంటుంది పక్కింటి పేరమ్మ. చెంచులక్ష్మి కూడా మేక మొహమే చూసి, "మేకా, పేరమ్మ కోడలికి జొరం తగ్గిందో లేదో అడగవే" అంటుంది. మేక మధ్యలో నిలబడి ఆకు నములుతూ ఉంటుంది. ఈ సంగతి పెద్దలకూ తెలుసు. మేకతో మాట్లాడకూడదని దురాయిలో లేదు కాబట్టి చూసీ చూడనట్టు పోతున్నారు.

సాహిరా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చెంచులక్ష్మి మేకను తోడు తెచ్చుకోలేదు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. ఆ రోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి సూటిగా అడిగింది. "రేపు తెల్లారితే వేట మొదలు సాహిరా. మాకు ఐసు ఇస్తావా?"

ఈ ఎండల్లో ఐసు లేకుండా వేటకు పోయినవాడు ఒడ్డుకు తెచ్చేది చేపలు కాదు, కంపు. ఇస్తే ఊరు ఊరంతా సాహిరా గేటు తొక్కడం మానేస్తుంది, కావలి నుంచే తెచ్చుకుంటుంది. తండ్రి షాహుల్ ఒంటిచేత్తో నిలబెట్టిన ఫ్యాక్టరీ మూతబడుతుంది. ఇవ్వకపోతే పెంచలకృష్ణ ఇంట్లో ఈ ఏడాది పొయ్యి ఎలా వెలుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ తాళం చేతిలో అంత బరువెక్కడం అందుకే.

ఆమె వచ్చేసరికి గుడి ముందు కూటం నడుస్తోంది. రేపు పడవలు ఏ వరసలో దిగాలో మాట్లాడుకుంటున్నారు. కూటం జరిగే రోజున అక్కడ ఇసకలో పాత వలతాడును గుండ్రంగా పరుస్తారు. చెయ్యి మందాన ఉంటుంది ఆ తాడు. గంగమ్మ ముందు వల పట్టుకుని ఒట్టేసిన ఇళ్ళవాళ్ళు దాని లోపల కూర్చుంటారు, మగదిక్కు లేని ఇంటి ఆడవాళ్ళతో సహా. కొట్టాయన, బడి పంతులు, ఐసు ఫ్యాక్టరీవాళ్ళు బయట నిలబడతారు. వెలి పడినవాళ్ళు ఇంకా అవతల, తమ పడవ దగ్గర ఉంటారు. కోడిపిల్ల కూడా దాటగలిగిన ఎత్తు ఆ తాడుది. సాహిరా పుట్టింది ఈ ఊళ్ళోనే, అయినా ఆమె దాన్ని ఎప్పుడూ దాటలేదు.

షాహుల్ నాయుడుపేట నుంచి ఐసు బండితో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. ప్రతి కూటానికీ వచ్చేవాడు. వచ్చి తాడుకు కాలి బొటనవేలు తగిలేంత దగ్గరగా నిలబడేవాడు. గంగమ్మ జాతరకు మజ్జిగలోకి ఎంత ఐసు కావాలంటే అంత ఊరికే పంపేవాడు. లోపలికి రమ్మని ఎవరైనా అంటారేమోనని చూసేవాడు. ఎవరూ అనలేదు, ఆయనా అడగలేదు. మంచాన పడ్డాక ఒకరోజు భార్యతో అన్నాడు. "నా ఐసు మీద పడుకోని చేప ఈ ఒడ్డున లేదు బీజాన్. నాకు మాత్రం ఆ తాడు లోపల చోటు లేదు." సాహిరా పక్క గదిలో ఉండి విన్నది ఆ మాట. దుఃఖం వచ్చింది, కోపం కూడా వచ్చింది.

కూటానికి పెద్ద హజరత్తయ్య. మొగలిపాలెం పెద్దకాపు ఆయనే. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే ఆయన తల్లి దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టింది. ఇప్పటికీ ఏటా గంధం రోజున వెళ్ళి తల వంచి వస్తాడు. అంత భక్తితో పెట్టుకున్న పేరు తాడు లోపల పెద్దపీట మీద ఉంటుంది, ఆ దర్గా వైపు మనుషులు తాడు బయట ఎండలో ఉంటారు. ఇందులో వింత ఉందని ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు.

"ఏమ్మా సాహిరా, పనుండి వచ్చినావా?" అన్నాడు హజరత్తయ్య.

"పనుండే వచ్చినా మామా. ఒక మాట అడగాల."

"అడుగు."

"పెంచలన్నకు ఏదీ ఇయ్యగూడదని మీరు కట్టిన దురాయి నాకు వర్తిస్తదా, వర్తించదా?"

చాటింపు వేసే చెంగయ్యకు ఆ ప్రశ్న తన పనిని అనుమానించినట్టుగా తోచింది. "వర్తించకుండా ఎట్టా పోతది? మీ గేటు ముందే గదా నిలబడి డప్పు కొట్టినా! చెవులు గింగిర్లెత్తేట్టు కొట్టినా."

"డప్పు విన్నా చెంగయ్యన్నా. బాగా కొట్టినావు. ఒట్టు మాత్రం నేను వెయ్యలేదు. మా నాయనా వెయ్యలేదు. వెయ్యమని మీరు అడగలేదు. దురాయి తాడు లోపలున్నోళ్ళది గదా? నేను లోపలున్నానా?"

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కవాళ్ళు కసిరేసరికి దగ్గుగా మార్చుకున్నారు. హజరత్తయ్య నవ్వలేదు. ఆయన తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడంటే పొడుగ్గా మాట్లాడబోతున్నాడని అర్థం.

"నువ్వు అడిగేది న్యాయంగానే ఉండాది. నేను చెప్పేది కూడా విను. నువ్వు బడికి పోయే రోజుల్లో ఈ సముద్రం ఎట్టుండేదో గుర్తుందా? వల వేస్తే నాచు వచ్చేది. మన మగపిల్లోళ్ళు రొయ్యలగుంటల కాడ కాపలాకు పోయినారు. ఆడోళ్ళు రొయ్యలు వలిచేదానికి పోయి చేతులు పుండ్లు చేసుకున్నారు. పెద్ద బోట్లతో కొట్లాడితే మనం గెలుస్తామా? కొట్లాడలేదు. మీకు మా ఊళ్ళో నీళ్ళు లేవు, ఐసు లేదు, లంగరు వేసేదానికి చోటు లేదు అన్నాం. చుట్టుపక్కల పాలేలూ మనతో కలిసినాయి. వాళ్ళు ఎంతసేపని ఉంటారు? పోయినారు. చేప తిరిగొచ్చింది. అది కూడా వెలేసిందే గదమ్మా. ఆ వెలి లేకపోతే మీ నాయన ఐసు ఎవరికి అమ్ముండేవాడు?"

సాహిరాకు గుర్తుంది. ఆ రోజుల్లో కరిగిపోతున్న ఐసు దిమ్మల ముందు కూర్చుని తండ్రి గేటు వైపు చూస్తూ ఉండేవాడు. నేలంతా తడిగా ఉండేది, అందులో తను కాగితం పడవలు వదిలేది.

"అది నేను కాదనను మామా. మంచి పని చేసినారు. అయితే పెద్ద బోటును రావద్దంటే అది ఇంకో రేవుకు పోయింది. దానికి రేవులకు కొదవా? చెంచులక్ష్మిని వద్దంటే ఆమె యాడికి పోతది? బలమున్నోణ్ణి ఆపేదానికని పేనిన తాడు అది. ఇప్పుడు దాన్నే తీసుకొచ్చి ఇంట్లోవాళ్ళ గొంతుకు బిగిస్తుండారు."

"ఇంట్లోవాడే గదమ్మా తలుపు తీసింది!" హజరత్తయ్య గొంతు మొదటిసారి పైకి లేచింది. "లోపలోణ్ణి దండించకుండా బయటోడి మీద పెట్టిన కట్టు యాడ నిలబడతది? మేం అడిగింది ఏంది, ఐసు ఎవరిచ్చినారో పేరు చెప్పమన్నాం. చెప్పిన గడియలో వచ్చి నా పక్కన కూర్చోవచ్చు. చెప్పడే! చెప్పకపోతే రేపు ఆ చెయ్యి ఇంకొకడికి ఐసు ఇస్తది. అప్పుడు నీ న్యాయం ఎవరిని కాపాడతది?"

ఆయన అన్నది నిజమే. ఇంతకూ పెంచలన్న ఎవరి కోసం ఇంత పట్టుదలగా ఉన్నాడో ఆమెకూ అంతుపట్టలేదు. పేరూ ఊరూ తెలియని కావలి ఐసువాడి కోసం ఎవరైనా పెళ్ళాంబిడ్డల్ని ఇంత కష్టపెడతారా?

కాస్త దూరంలో, ఇసకలోకి లాగి పెట్టిన తన పడవ నీడన పెంచలకృష్ణ కూర్చుని ఉన్నాడు. పడవ ముక్కుకు మేకను కట్టేసి, చెంచులక్ష్మి దానికి రొట్టాకు వేస్తోంది. మిగతా పడవల దగ్గర సందడిగా ఉంది. తౌసిఫ్ తెల్లవారకముందే నింపుకొచ్చిన ఐసు బండి ఆపి, ఒక్కో పడవ పెట్టెలోకి ఐసు కొట్టి నింపుతున్నాడు. వెలిపడిన పడవ దగ్గరికి వచ్చేసరికి బండి చుట్టు తిరిగి పోతోంది.

హజరత్తయ్య కాసేపు ఆ బండి వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఒకటి మాత్రం నువ్వు సరిగ్గా అడిగినావు. మీ నాయనకు మేం చోటియ్యలేదు. ఇయ్యాల్సింది. రా సాహిరా, తాడు లోపలికి రా. వల పట్టుకుని ఒట్టెయ్యి. ఈ దినం నుంచి నీకు ఇక్కడ ఒక చోటు, ఒక మాట ఉంటాది. నీ తర్వాత నీ కూతురు సానియాకూ ఉంటాది. ఏమబ్బా, ఎవరన్నా కాదనేవాళ్ళుండారా?"

ఎవరూ కాదనలేదు. ముందు వరసలో ఇద్దరు చెరో వైపు జరిగారు. వాళ్ళ మధ్య ఒక మనిషి కూర్చోగలిగినంత ఇసక ఖాళీగా కనిపించింది.

సాహిరాకు సంతోషం కలిగింది. కలగలేదని రాస్తే అబద్ధం. ఏ చోటు కోసం తండ్రి బతుకంతా బొటనవేళ్ళ మీద నిలబడ్డాడో ఆ చోటు ఎదురుగా ఉంది, చదును చేసి మరీ చూపిస్తున్నారు. అమ్మకు వెళ్ళి చెబితే ఎలా ఉంటుందో ఊహించుకుంది. కళ్ళు చెమర్చాయి.

ఆ వెంటనే రెండో సంగతీ తట్టింది. లోపల కూర్చున్న క్షణం నుంచి చెంచులక్ష్మి మాట తనకు వినపడదు. ఐసు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నే ఇక ఉండదు. ఇంత తేలిగ్గా తెగిపోతుందా అనిపించింది. లోపలికి వెళ్ళి, లోపలి నుంచి నచ్చజెప్పి ఈ వెలి తీయించొచ్చు గదా అని కూడా అనిపించింది. బయట నిలబడి అరిచేవాళ్ళకంటే లోపల కూర్చున్నవాళ్ళ మాటకు విలువెక్కువ. లోపలికి వెళ్ళేవాళ్ళందరూ గడప దగ్గర ఇదే అనుకుంటారు.

"ఒట్టు ఏమని వెయ్యాల మామా?"

"అందరూ వేసేదే. ఈ దురాయి నాది. నా ఇంటి నుంచి పెద్ద బోట్లకు ఏదీ పోలేదు, ఇకమీద పోదు. అంతే."

పోలేదు అనడానికి ఆమెకు జంకేముంది? షాహుల్ కూతురు నోటి నుంచి ఆ మాట నిండుగా వస్తుంది. చెంగయ్య గుడిలోంచి వల తెచ్చి పట్టుకున్నాడు. సాహిరా చేతిలోని చెప్పులు కింద పెట్టి, కొంగు సర్దుకుని, ముందుకు వచ్చింది. కుడికాలు తాడు మీద మోపింది. ఎండకు కాగిన తాడు అరికాలికి గరుగ్గా తగిలింది.

"ఒసే మేకా!"

గొంతు చెంచులక్ష్మిది. బడిలో పద్యాలు అప్పజెప్పేటప్పుడు ఎంత గట్టిగా చెప్పేదో అంత గట్టిగా పలికింది.

"మేకా, సాహిరాకు చెప్పవే. ఆ వల పట్టుకోవద్దని చెప్పు. ఏమీ తెలీకుండా గంగమ్మ ముందు అబద్ధం ఆడొద్దని చెప్పు."

"చెంచూ!" పెంచలకృష్ణ లేచి నిలబడ్డాడు. "నోరు ముయ్యి."

"నేను నా మేకతో మాట్లాడుకుంటుండా. నీకేం?" ఆమె మేక మెడ మీద చెయ్యి వేసింది. మొహం మాత్రం దాని వైపే ఉంచింది. "మేకా, బీజానమ్మకు కంటి ఆపరేషనప్పుడు కంప్రెసరు చెడిపోలేదంట. గేటు మూసిపెట్టి, లోపల ఐసు కడతానే ఉన్నారంట. ఐసు బండి మన పడవ దాకా వచ్చిందంట. తోలుకొచ్చినోడికి పెద్ద బోటోళ్ళు ఏం ఆశ పెట్టినారో మనకు తెలీదు. దొరికిపోయినాక వచ్చి, మా అక్కకు తెలిస్తే చచ్చిపోతది అని మీ అయ్య కాళ్ళు పట్టుకుని ఏడ్చినాడంట. మీ అయ్య మెత్తనోడు, మాటిచ్చినాడు. నేను ఎవరికీ మాటియ్యలేదే మేకా. నా బిడ్డలు బడి కాడ ఒంటరిగా నిలబడుంటే చూసి చూసి నాకు ఓపిక పోయింది."

తాడు లోపల ఉన్నవాళ్ళందరూ ఏమీ వినలేదు. ఎంత గట్టిగా వినలేదంటే, ఒకాయన ఇసకలో గీతలు గీయడం మొదలుపెట్టాడు, ఇంకొకాయన లుంగీ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. చెంగయ్య వలను చేతుల్లో పెట్టుకుని, వాన వస్తుందేమోనని ఆకాశం చూశాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు.

సాహిరాకు నెల్లూరు నుంచి తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. కంప్రెసరు విప్పి బాగుచేసినవాడి చేతులకు ఆ నూనె నలుపు ఒక పట్టాన వదలదు. గోళ్ళ సందుల్లో రోజుల తరబడి ఉండిపోతుంది. ఆ రోజు, కంప్రెసరు తనే బాగుచేశానంటూ తౌసిఫ్ తల్లి చేతిలోని సంచి అందుకున్నప్పుడు అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆమె చూసింది. మనసులో ఏదో కలుక్కుమంది, అన్నం వేళయిందని లేచి పోయింది. అంటే తను కూడా తాడు బయట ఉండగానే వినపడనట్టు ఉండడం నేర్చుకుందన్నమాట. అది తెలిసేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మాకేమీ వినపడలేదమ్మా," అన్నాడు హజరత్తయ్య. గొంతు చాలా మెత్తగా ఉంది, కూతురితో మాట్లాడినట్టు ఉంది. "లోపలున్నోళ్ళకు ఎవరికీ వినపడలేదు. నీకు కూడా వినపడాల్సిన పని లేదు. ఇంకొక్క అడుగు వెయ్యి, చాలు."

ఆ మాటకు ఆమె తలెత్తి ఆయన మొహం చూసింది. ఆయన కళ్ళల్లో ఆశ్చర్యం లేదు. ఇప్పుడే ఇలాంటి సంగతి తెలిసినవాడి మొహం ఇలా ఉండదు. ఎందుకుండదో ఆలోచించేంత వ్యవధి ఆమెకు దొరకలేదు.

"నీకేమన్నా వినపడిందా సాహిరా?" అని మళ్ళీ అడిగాడు.

ఎదురుగా ఆ ఖాళీ చోటు అలాగే ఉంది. వెనక ఎక్కడో మేక అరిచింది. సాహిరా తాడు మీది కాలు తీసి వెనక్కి పెట్టింది.

"వినపడింది మామా," అంది. "అంతా వినపడింది. నేనింకా బయటే ఉండా గదా."

పడవ దగ్గర చెంచులక్ష్మి మేక మెడ మీద తల ఆనించి ఏడుస్తోంది. సాహిరా అటు పోవాలనుకుంది. ముందు చేయవలసిన పని ఇంకొకటుంది. ఐసు బండి వైపు తిరిగి కేకేసింది.

"తౌసిఫ్! ఇట్టా రా."

తౌసిఫ్ అప్పటికే బండి దిగి ఉన్నాడు. ఐసు కొట్టే కొయ్యసుత్తి చేతిలో అలాగే ఉంది. పారిపోతాడేమో అనుకున్నారు చూసేవాళ్ళు. పారిపోలేదు. ఇసకలో తడబడుతూ, పడవల మధ్య నుంచి తాడు దాకా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. అక్క వైపు కన్నెత్తి చూడలేదు. ఆమెను దాటుకుని హజరత్తయ్య వైపు చూశాడు, మోసపోయినవాడు చూసినట్టు చూశాడు.

"ఇదేంది మామా?" అన్నాడు. "నింద పెంచలన్న మీదికి పోతది, అక్క దాకా రానీను అని మాటిచ్చినారు గదా మీరు!"

ఇసకలో గీతలు గీస్తున్న చెయ్యి ఆగింది. చెంగయ్య ఆకాశం మీంచి చూపు దించాడు. తాడు లోపల తలలన్నీ ఒక్కొక్కటే లేచి పెద్దకాపు వైపు తిరిగాయి. తౌసిఫ్ వెలిలో లేడు. అతని మాట అందరికీ వినపడింది.